అత్తమామలతో కూర్చుని ఏ హిందీ లవ్ స్టోరీ పెట్టాలి?

పోయిన నెల డాలస్ నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అత్తయ్యగారూ మామయ్యగారూ తెనాలి నుంచి వచ్చారు, ఆరు నెలలుంటారు, శనివారం వచ్చిందంటే టీవీ ముందు పంచాయితీ, ఈయనకేమో హిందీ సినిమా కావాలి, వాళ్ళకేమో హిందీ ముక్క రాదు, మంచి పాటలున్న లవ్ స్టోరీ ఒకటి చెప్పవా, అందరం కలిసి చూసేది" అని. ఇప్పటిదాకా ఏం పెట్టారే అంటే రాక్‌స్టార్ పెట్టారట. ఇంకేముంది, అరగంట తిరక్కుండా మామయ్యగారు వాకింగ్ అని లేచిపోయారు, అత్తయ్యగారు చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ కూర్చున్నారు, సినిమా వైపు చూస్తే ఒట్టు.

రాక్‌స్టార్ అంటే నాకు ప్రాణం, ముందే చెప్పేస్తున్నా. కానీ ఆ ఇంట్లో ఆ రోజుకి అది కరెక్ట్ సినిమా కాదు. మనవాళ్ళు హిందీ లవ్ స్టోరీ ఎంచుకునేటప్పుడు హీరో ఎవరు, రేటింగ్ ఎంత, ఏ ఓటీటీలో ఉంది అని చూస్తారు. నేను చూసేది ఒకటే, ఆ సినిమాలో పాట ఏం పని చేస్తోంది అని. కొన్నిట్లో నోటితో చెప్పుకోలేనిది పాట చెప్పేస్తుంది, కొన్నిట్లో పాటంటే ఇంట్లో పండగ, కొన్నిట్లో హీరోనే పాటగాడు కాబట్టి పాట వాడి ఉద్యోగం. ఈ మూడూ మూడు రకాల ప్రేక్షకులకి, కలిపేస్తే చిక్కుడుకాయల కథే అవుతుంది.

మొదటి రకం ఎలా ఉంటుందో తెలియాలంటే సినిమా మొత్తం చూడక్కర్లేదు, శ్రీ 420లో ఒక్క వాన పాట చూడండి చాలు. 1955 సినిమా, రాజ్ కపూర్, నర్గీస్, శంకర్ జైకిషన్ మ్యూజిక్, మన్నాడే లతా పాడిన ప్యార్ హువా ఇక్రార్ హువా. రాత్రి, వాన, ఇద్దరి మధ్య ఒక్కటే గొడుగు. అతను గొడుగు ఆమె వైపు జరుపుతాడు, ఆమె మళ్ళీ అతని వైపు జరుపుతుంది, ఇద్దరూ తడుస్తారు. ప్రేమ గురించి అంతకుమించి వాళ్ళు చేసేదేం లేదు. ఆ తర్వాత ఒక చరణంలో రేపు నేనూ ఉండను నువ్వూ ఉండవు కానీ మన గుర్తులుంటాయి అనే అర్థం వచ్చే మాట దగ్గర రెయిన్‌కోట్లు వేసుకున్న ముగ్గురు చిన్నపిల్లలు చేతులు పట్టుకుని అలా నడుచుకుంటూ పోతారు. ఆ పిల్లలు రాజ్ కపూర్ సొంత పిల్లలే, అందులో ఒకడు బుడ్డి రిషి కపూర్. పెళ్లి చేసుకుందాం, పిల్లలు పుడతారు, ముసలాళ్ళమైపోతాం, ఇదంతా డైలాగుల్లో రాస్తే ఎంత నాటుగా ఉంటుందో ఊహించుకోండి, పాటలో మూడు సెకన్లలో అయిపోయింది. దీనికి భాష రాకపోయినా పర్లేదు. అసలు ఈ సినిమాలోనే రామయ్యా వస్తావయ్యా అనే పాట ఉంది, మన తెలుగు మాటే, ఆ మ్యూజిక్ జంట శంకర్ జైకిషన్‌లో శంకర్ హైదరాబాద్‌లో పెరిగినవాడు కదా మరి.

సరే అసలు పోలికల్లోకి వస్తా.

అందరికీ ముందొచ్చే డౌటు, హమ్ ఆప్కే హై కౌనా, దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగేనా? ఒకటి 1994, ఇంకోటి 1995, రెండూ మూడు గంటలు దాటిన సినిమాలు, రెండిట్లోనూ పెళ్లి ఇల్లే, రెండిట్లోనూ లతా గొంతే. కానీ చూస్తే అస్సలు సంబంధం లేని సినిమాలు. హమ్ ఆప్కే హై కౌన్‌లో 14 పాటలు, కథ అంటే ఏముంది, అక్క పెళ్లి, అక్క సీమంతం, మధ్యలో వీళ్ళిద్దరి సరదా, సెకండాఫ్‌లో ఒక పెద్ద దెబ్బ, చివర్లో అందరూ మంచివాళ్ళే. విలన్ లేడు. కథ ఏమైపోతుందో అని టెన్షన్ పడి చూసే సినిమా కాదు ఇది, మధ్యలో లేచి కాఫీ పెట్టుకొచ్చినా పెళ్లి ఇంకా జరుగుతూనే ఉంటుంది, అదే దాని గొప్పతనం కూడా. చెప్పులు దాచేసి డబ్బులడిగే పాట ఉంది చూడండి, అప్పటికి మన వైపు బావగారి చెప్పులు దాచడం ఎంతమందికి తెలుసు చెప్పండి. ఇప్పుడు మా బంధువుల్లో సంగీత్, మెహందీ లేని పెళ్లి చూపించండి. ఈ సినిమా వల్లే వచ్చాయని నేను రాసివ్వలేను గానీ దీని చెయ్యి మాత్రం గట్టిగానే ఉందని నా అనుమానం.

మన వాళ్ళకి ఇంకో లాభం, సల్మాన్ ఖాన్‌కి గొంతు మన బాలుగారిది. అంతకుముందు 1989లో మైనే ప్యార్ కియాకి కూడా ఆయనే, అందులో దిల్ దీవానా పాటకి ఫిల్మ్‌ఫేర్ కూడా వచ్చింది, ఆ తర్వాత కొన్నేళ్ళు సల్మాన్ నోరు తెరిస్తే బాలు గొంతే వినపడేది. రెండు సినిమాలూ తెలుగులో డబ్బయ్యాయి, అది ప్రేమ పావురాలు, ఇది ప్రేమాలయం. నా వయసువాళ్ళకి హిందీ పేర్లకంటే ఈ పేర్లే ముందు తెలుసు.

దిల్‌వాలే సంగతి వేరు. ఇందులో పాట లేకపోతే కథ ముందుకి కదలదు. లండన్‌లో పెరిగిన అమ్మాయి, పంజాబ్‌లో సంబంధం కుదిర్చేసిన నాన్న, వెనకాలే పెళ్లింట్లోకి దూరిన అబ్బాయి. లేచిపోదాం అని అమ్మాయి అంటే వద్దు, మీ నాన్న చేత్తోనే తీసుకెళ్తా అంటాడు, అంటే మిగిలిన సినిమా అంతా వాళ్ళిద్దరూ జనం మధ్య ప్రేమించుకోవాలి, జనానికి తెలియకూడదు. మెహందీ పాటలో అదే జరుగుతుంది, ఇంటిల్లిపాదీ చూస్తుండగా అతను ఆమెని ఆటపట్టిస్తూ తన సంగతి మొత్తం చెప్పేస్తాడు, వినేవాళ్ళకేమో అది మామూలు పెళ్లి పాట. అదే సందడిలో అమ్రీష్ పురి, అదే ఆ కోపిష్టి నాన్న, భార్య వైపు తిరిగి 1965 నాటి పాత పాట ఒకటి ఎత్తుకుంటాడు. ఆ రెండు నిమిషాల్లో మనకి అర్థమవుతుంది, ఈయన కూడా ఒకప్పుడు ప్రేమించినవాడే, ఈయన్ని కరిగించొచ్చు అని. అది డైలాగుతో చెప్పలేదు. ముంబై మరాఠా మందిర్‌లో ఈ సినిమా దశాబ్దాల తరబడి ఆడుతోందంటే ఊరికే కాదు.

కాబట్టి నా లెక్క ఇది. ఇంట్లో ఎనిమిది మంది ఉన్నారు, ఇద్దరు ఫోన్ చూస్తారు, ఒకరు నిద్రపోతారు, పిల్లలు అటూ ఇటూ తిరుగుతారు అనుకుంటే హమ్ ఆప్కే హై కౌన్. నలుగురే ఉన్నారు, నలుగురూ చూస్తారు, హిందీ సగమైనా అర్థమవుతుంది అంటే దిల్‌వాలే. ఇద్దరే ఉంటే కూడా దిల్‌వాలేనే, ఇద్దరే కూర్చుని హమ్ ఆప్కే హై కౌన్ చూడటం అంటే భోజనాలు లేకుండా పెళ్లికి వెళ్ళినట్టు ఉంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, తెలుగు డబ్బింగా, హిందీలోనే సబ్‌టైటిల్స్‌తోనా? హిందీలోనే చూడండి. డబ్బింగ్‌లో డైలాగులు ఎలాగోలా సర్దుకుంటాయి, పాటల దగ్గరే తేడా కొడుతుంది, పెదాల కదలికకి సరిపోయే తెలుగు మాట వెతుక్కునే పాపానికి భావం పోతుంది. కాకపోతే సబ్‌టైటిల్స్‌తో ఒక తలనొప్పి ఉంది, కొన్ని ప్రింట్లలో డైలాగులకి బానే వస్తాయి, పాట మొదలవగానే మాయమైపోతాయి! ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడే ఉండవన్నమాట. సినిమా పెట్టేముందు ఏదో ఒక పాట దగ్గరికి జరిపి చూసుకోండి, సబ్‌టైటిల్స్ లేకపోతే వేరే చోట వెతకండి. ఇంట్లో హిందీ వచ్చిన అల్లుడో కోడలో ఉంటే పాటకి ముందే రెండు ముక్కల్లో అర్థం చెప్పించండి, పాట మధ్యలో మాత్రం వద్దు. మా ఆయన మధ్యలో చెప్తాడు, అందుకే చెప్తున్నా.

హిందీ అస్సలు రాదు అనేవాళ్ళకి అందరూ మర్చిపోయే సినిమా ఒకటుంది, ఏక్ దూజే కే లియే. ఇందులో హీరోకే హిందీ రాదు! తమిళబ్బాయి, ఉత్తరాది అమ్మాయి, పక్కపక్క ఇళ్ళు, గోవా. ఇతని మాట ఆమెకి అర్థం కాదు, ఆమె మాట ఇతనికి అర్థం కాదు, దాంతో మనకి అర్థం కాకపోయినా ఫీలవ్వక్కర్లేదు. ఇది మన మరో చరిత్రకే హిందీ రూపం, రెండూ బాలచందరే తీశారు, రెండిట్లోనూ కమల్ హాసనే. అయితే ఏది చూడాలి అంటే నా ఓటు 1978 మరో చరిత్రకే, ఆ బ్లాక్ అండ్ వైట్ విశాఖ, ఆ సముద్రం, సరిత కళ్ళు, వాటి ముందు 1981 గోవా రంగులు నాకు కాస్త పోస్టర్‌లాగే అనిపిస్తాయి. తమిళనాడులో మరో చరిత్రని డబ్ చెయ్యకుండా తెలుగులోనే చూశారు, అంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి. కానీ పాటల కోసం అయితే హిందీది కూడా చూడాల్సిందే. బాలుగారి ఉచ్చారణ హిందీవాళ్ళలా లేదు అని మొదట్లో మ్యూజిక్ చేసిన లక్ష్మీకాంత్ ప్యారేలాల్ సందేహపడ్డారని, హీరో దక్షిణాది కుర్రాడే కదా, అలాగే ఉండనివ్వండి అని బాలచందర్ పట్టుబట్టారని చెప్పుకుంటారు. చివరికి తేరే మేరే బీచ్ మే పాటకి బాలుగారికి నేషనల్ అవార్డే వచ్చింది. లిఫ్ట్‌లో ఇరుక్కున్నప్పుడు సినిమా పేర్లన్నీ గుచ్చి పాడే పాట రెండు సినిమాల్లోనూ ఉంది, పక్కపక్కనే పెట్టుకుని చూడండి, మన ఆత్రేయ ఎలా గుచ్చాడు, అక్కడ ఆనంద్ బక్షీ ఎలా గుచ్చాడు అని, భలే కాలక్షేపం. ఒక్క హెచ్చరిక, చివరి పావుగంట చాలా భారం, పిల్లలతో, రాత్రి పడుకోబోయే ముందు వద్దు.

ఇప్పుడు ముప్ఫై నలభై మధ్య వాళ్ళ కోసం, రంగీలానా దిల్ తో పాగల్ హైనా? ఇది నేను నిష్పక్షపాతంగా రాయలేను, రంగీలా నా సినిమా. మన బెజవాడలో ఇంజనీరింగ్ చదువుకున్న రామ్ గోపాల్ వర్మ 1995లో తీసింది, ఏ.ఆర్. రెహమాన్ మొదటిసారి నేరుగా హిందీ సినిమాకి మ్యూజిక్ చేసింది. అంతకుముందు రోజా, బొంబాయి అంతా డబ్బింగులే. హీరోయిన్ అవ్వాలనుకునే గ్రూప్ డాన్సర్ మిలి, బ్లాక్‌లో టికెట్లమ్ముకునే మున్నా, పెద్ద స్టార్ రాజ్ కమల్. మున్నా పసుప్పచ్చ బట్టలేసుకుని స్టార్ హోటల్‌కి వస్తాడు చూడండి, చొక్కా పసుపు, ప్యాంటు పసుపు, తనకి తాను మహారాజులా నడుస్తుంటాడు, నవ్వొస్తుంది, వెంటనే జాలేస్తుంది. అలాంటివాడు ప్రేమని ఎలా చెప్తాడు, నోరు పెగలదు. అందుకే వాడికి దొరికిన పాట కూడా ఏం చెయ్యాలో తోచట్లేదు అనే పాటే. ఇటు మిలి పాటలేమో ఆశల మీద ఉంటాయి, కెరీర్ మీద ఉంటాయి, అందుకే ఇప్పటి ఆడపిల్లలకి కూడా పాతబడలేదు.

దిల్ తో పాగల్ హై 1997, యశ్ చోప్రా, ఉత్తమ్ సింగ్ మ్యూజిక్. ఇది డాన్స్ ట్రూపు కథ, షారుఖ్, మాధురి, కరిష్మా. దేవుడు ప్రతి ఒక్కరికీ ఎవరినో ఒకరిని రాసిపెట్టాడు అనే టైపు, నాకు ఆ ఫిలాసఫీ కాస్త ఎక్కువైంది అనిపిస్తుంది, బట్టలు కూడా కాస్త ఎక్కువే శుభ్రంగా ఉంటాయి. కానీ ఒక్క ఘట్టం కోసం చూడొచ్చు, మాధురి, కరిష్మా ఎదురెదురుగా నిలబడి ఆడే డాన్స్, మాటల్లేవు, సాహిత్యం లేదు, ఒట్టి మ్యూజిక్. ఇద్దరి మధ్య ఉన్న అసూయ మొత్తం అందులోనే ఉంది. డాన్స్ నేర్చుకునే పిల్లలున్న ఇంటికి ఇది, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి నవ్వుకోవాలనుకునే ఇంటికి రంగీలా. టైము లెక్క కూడా చూసుకోండి, రంగీలా దీనికంటే అరగంట పైనే తక్కువ.

కుర్రకారుకి ఆషికీ 2నా రాక్‌స్టారా అనే గొడవ ఎప్పుడూ ఉంటుంది. రెండిట్లోనూ హీరో పాటగాడే, రెండూ ఏడిపించేవే, ఇంట్లో పెద్దవాళ్ళతో రెండూ వద్దు. ఆషికీ 2 (2013) పాటలు సినిమా లేకపోయినా బతుకుతాయి, తుమ్ హీ హో విని అర్జిత్ సింగ్ ఎవరో తెలుసుకున్నవాళ్ళే మనలో ఎక్కువ, సినిమా చూడనివాళ్ళకి కూడా పాట కంఠతా వచ్చు. తాగుడుకి బానిసైన సింగర్, పైకొస్తున్న అమ్మాయి, సూటిగా పోయే కథ, రెండు గంటల పావుకి అయిపోతుంది. తెలుగులో నీ జతగా నేనుండాలి అని రీమేక్ కూడా చేశారు, దాన్ని వదిలెయ్యండి. అదే డైరెక్టర్ మోహిత్ సూరి 2025లో సైయారా తీశాడు, అది నచ్చినవాళ్ళు వెనక్కొచ్చి ఇది చూస్తే చుట్టరికం తెలిసిపోతుంది.

రాక్‌స్టార్ (2011) అలా కాదు, పాటలు సినిమాలోంచి తీసి వింటే సగమే. మొదట్లో కాలేజీ కుర్రాడు జనార్దన్, గుండె పగిలితేనే సంగీతం వస్తుందని ఎవడో చెప్తే నమ్మి, గుండె పగలగొట్టుకోవడానికి ఒక అమ్మాయిని వెతుక్కుంటాడు, అంత అమాయకత్వం. తర్వాత నిజంగానే పగులుతుంది. ఇంట్లోంచి గెంటేస్తే నిజాముద్దీన్ దర్గాలో తలదాచుకుంటాడు, అక్కడొచ్చేదే కున్ ఫాయా కున్. రెహమాన్, జావేద్ అలీ, మోహిత్ చౌహాన్ గొంతులు ఒకదాని మీద ఒకటి వాలుతుంటే వాడు ఖవ్వాలుల వెనకాల కూర్చుని ఉంటాడు, హీరోలా ముందు కాదు, వెనకాల. అంతకుముందు జరిగిందంతా చూసి ఆ పాట దగ్గరికి వస్తే ఒక రకం, హెడ్‌ఫోన్స్‌లో వింటే ఇంకో రకం. కథ ముందుకీ వెనక్కీ గంతులేస్తుంది, హిందీ రానివాళ్ళు అక్కడే జారిపోతారు, మామయ్యగారి తప్పేం లేదు. ఒంటరిగా, రాత్రి, ఫోన్ పక్కన పడేసి చూసే సినిమా.

ఈ రెండూ కాకుండా ఏడుపు లేనిది కావాలంటే జబ్ వి మెట్, ఇక ఆలోచించకండి. రైలు, వాగుడుకాయ పిల్ల, బతుకు మీద విరక్తి పుట్టిన కుర్రాడు. మనవాళ్ళలో దాన్ని పదిసార్లు చూడనివాళ్ళు తక్కువ.

పెద్దవాళ్ళు మాత్రమే ఉన్న మధ్యాహ్నానికి రెండు. 2004 నవంబర్ 12న ఒకే రోజు థియేటర్లలోకి వచ్చాయివి, వీర్ జారా, రంగులద్దిన మొఘల్ ఎ ఆజమ్. వీర్ జారా పాటల కథ సినిమా కథకి తీసిపోదు. మదన్ మోహన్ 1975లో పోయాడు, ఆయన వాడకుండా వదిలేసిన ట్యూన్లని కొడుకు సంజీవ్ కోహ్లీ బయటికి తీసి సర్దితే, జావేద్ అఖ్తర్ మాటలు రాస్తే, 75 ఏళ్ళ లతా పాడింది. ఇరవై రెండేళ్ళు జైల్లో మగ్గిపోయిన ప్రేమకి దాదాపు ముప్ఫై ఏళ్ళు పెట్టెలో ఉన్న ట్యూన్లు, ఇంతకన్నా ఏం కుదురుతుంది. సినిమా మాత్రం నిదానం, చెప్పలేదనుకునేరు.

మొఘల్ ఎ ఆజమ్ అయితే రంగులద్దింది వద్దు, 1960 నాటి అసలుదే చూడండి. ఎందుకంటే అసలుదాంట్లో ఎక్కువ భాగం బ్లాక్ అండ్ వైట్, శీష్ మహల్ పాట దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారి రంగులు విచ్చుకుంటాయి. అక్బర్ ఎదురుగా నిలబడి, ప్రేమించాక ఇంకా భయమేంటి అని మధుబాల ఆడుతుంటే పైన అద్దాల్లో ఎన్ని మధుబాలలో. తెర అప్పటిదాకా నల్లగా తెల్లగా ఉండి సరిగ్గా ఆమె తెగించినప్పుడే రంగుల్లోకి మారడం ఉంది చూడండి, మొత్తం రంగులద్దేస్తే ఆ దెబ్బ పోతుంది. భాష గట్టి ఉర్దూ, మా హైదరాబాద్ పక్కింటి ఆంటీ మాత్రం సబ్‌టైటిల్స్ ఆపించేసి మరీ చూస్తుంది.

హైదరాబాద్ అంటే గుర్తొచ్చింది, బాజార్ అని 1982 సినిమా, ఖయ్యాం మ్యూజిక్. అందులో లతాతో కలిసి తలత్ అజీజ్ పాడిన ఫిర్ ఛిడీ రాత్ మన మఖ్దూం మొహియుద్దీన్ గజలే. పాట ఎంత తియ్యగా ఉంటుందో కథ అంత చేదు, డబ్బున్న గల్ఫ్ వాళ్ళకి పెళ్లి పేరుతో పిల్లల్ని అమ్మేసే హైదరాబాద్ కథ. లవ్ స్టోరీ అనుకుని పొరపాటున కుటుంబంతో పెట్టుకోకండి, కానీ ఎప్పుడో ఒకప్పుడు చూడండి.

ఇంతకీ మా చెల్లికి హమ్ ఆప్కే హై కౌన్ చెప్పా. మూడు రాత్రులు పట్టిందట. మామయ్యగారు మొదటి రోజు పెళ్లి కాకముందే నిద్రపోయారు, పిల్లలు కుక్కపిల్ల కోసం చూశారు. దీదీ తేరా దేవర్ పాటలో మాధురి ఊదారంగు చీర చూసి అత్తయ్యగారు చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టారట, తీరా సల్మాన్ గొంతు కలిపేసరికి "ఏమ్మా, ఇది మన బాలు కదూ" అని వెనక్కి పెట్టించి మళ్ళీ విన్నారట. ఈ శనివారానికి ప్రేమ పావురాలు కావాలంటున్నారు. హిందీదే పెట్టవే, పాటల దగ్గర సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో ముందే చూస్కో అని చెప్పా.